చెల్లి సైకిల్‌కి చిన్న క్లీట్లు

ఆదివారం రాత్రి

చెల్లి రోడ్ బైక్ కొనుక్కున్నప్పటి నుంచి మామూలు పెడళ్ల మీదే తొక్కుతోంది. షూ పెడల్‌కి బిగుసుకునే రకం కావాలని ఎప్పటినుంచో అడుగుతోంది. నిన్న సాయంత్రం వెళ్లి తెచ్చాం, ఇవాళ పొద్దున బిగించాం.

కొట్లో పెద్ద చర్చే అయింది. షూ అడుగున బిగించి పెడల్‌లో ఇరుక్కునే ముక్కనే క్లీట్ అంటారు. తనకి మూడు బోల్టుల పెద్ద క్లీట్లు కావాలి. "రోడ్ బైక్ వాళ్లందరూ అవే వాడతారు కదా అన్నయ్యా, నువ్వూ అవే కదా" అంది. నిజమే, నావి షిమానో కంపెనీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ రకం, పసుపు క్లీట్లు. వెడల్పుగా ఉంటాయి కాబట్టి బరువంతా అరికాల్లో ఒక్క చోటే పడదు. అనంతగిరి దాకా వెళ్లొచ్చినా పాదం మంట పుట్టదు. అలా ఎక్కడా దిగకుండా గంటల తరబడి తొక్కేవాళ్లకి వాటికి మించినవి లేవు.

చెల్లి తొక్కే తీరు అది కాదు. వారమంతా గచ్చిబౌలి సిగ్నళ్ల మధ్య ఆఫీసుకి వెళ్తుంది, సెలవురోజు గండిపేట వైపు వెళ్లి టీ తాగి వస్తుంది. పెద్ద క్లీట్లు ప్లాస్టిక్‌వి, షూ అడుగున బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. టీ కొట్టు ముందు కంకర మీద నడిస్తే అరుగుతాయి, ఆఫీసు లాబీ టైల్స్ మీద జారతాయి. పైగా ఆ పెడల్‌కి ఒక్క వైపే పట్టు. సిగ్నల్ పడిన ప్రతిసారీ కాలితో వెతుక్కోవాలి, వెనక బస్సు హారన్ కొడుతుంటే అదొక టెన్షన్. అదే కంపెనీ రెండు బోల్టుల చిన్న రకం, ఎస్‌పీడీకి ఈ బాధలేవీ లేవు. చిన్న ఇనుప క్లీట్ షూ అడుగున గుంటలో దాక్కుంటుంది, మామూలుగా నడవొచ్చు. తను తీసుకున్న పెడల్‌కి రెండు వైపులా పట్టు ఉంది. మన ఊళ్లో రోజూ తొక్కేవాళ్లకి నేను వీటినే చెప్తాను, ఎవరేమన్నా సరే.

బాల్కనీలో సైకిల్ ఆనించి మొదలుపెట్టాం. కుడి పెడల్ మామూలు థ్రెడ్, ఎడమది ఉల్టా. అలెన్ కీని పైకి నిలువుగా పట్టుకుని సైకిల్ ముందు చక్రం వైపు తోస్తే రెండూ బిగుస్తాయి, అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. థ్రెడ్‌కి గ్రీజు పూసి మొదటి చుట్లు చేత్తోనే తిప్పమన్నాను. వంకరగా ఎక్కితే పెడల్ బిగించే కడ్డీ, అంటే క్రాంక్, థ్రెడ్ పాడవుతుంది. తిప్పుతూనే ఇవి ఎవరు కనిపెట్టారని అడిగింది. ఫ్రాన్స్‌లో మంచు మీద జారే స్కీలకి బూట్లు బిగించే పరికరాలు చేసే లుక్ కంపెనీ అదే పద్ధతిని సైకిల్‌కి తెచ్చింది. 1985లో ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఇనో ఆ పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాక, రేసుల్లో పాదాన్ని పెడల్‌కి కట్టే తోలు పట్టీల రోజులు పోయాయి. షిమానో ఎస్‌పీడీ 1990లో వచ్చింది.

క్లీట్ బిగించడానికే ఎక్కువ సేపు పట్టింది, పట్టాలి కూడా. షూ తొడిగించి, బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే ఎముకని వేలితో తడిమి షూ పక్కన మార్కర్‌తో గీత పెట్టాను. చిటికెన వేలి వైపూ అలాగే. పెడల్ ఇరుసు ఆ రెండు గీతల మధ్య పడేలా క్లీట్ జరిపాం. తర్వాత తనని డైనింగ్ టేబుల్ మీద కూర్చోబెట్టి కాళ్లు వదులుగా వేలాడదీయమన్నాను. ఎడమ పాదం తిన్నగా ఉంది, కుడిది కొంచెం బయటికి తిరిగింది. కుడి క్లీట్‌ని ఆ వాలుకి తగ్గట్టే తిప్పి బిగించాం. అందంగా ఉంటుందని రెండూ తిన్నగా బిగిస్తే ఆ తేడా అంతా మోకాలు మోయాలి. వేగం సంగతి తర్వాత, ముందు మోకాలు.

పెడల్‌లో క్లీట్‌ని పట్టుకునే స్ప్రింగ్ పూర్తిగా వదులు చేసి, సెల్లార్‌లో స్తంభం పట్టుకుని సాధన చేయించాను. ముని వేళ్లు ముందుకి తోసి కిందికి నొక్కితే టక్కుమంటుంది. మడమ బయటికి తిప్పితే వదులుతుంది. మనం రోడ్డుకి ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి ఎప్పుడూ ఎడమ కాలే ముందు తీయాలి, అదీ ఆగాక కాదు, సైకిల్ ఇంకా కదులుతుండగానే. తన ఒంటికి అలవాటయ్యేదాకా గేటు దాటనివ్వలేదు. పాపం, విసుక్కోలేదు.

ఎండెక్కాక నార్సింగి నుంచి కొల్లూరు వైపు సైకిల్ ట్రాక్ మీదికి వెళ్లాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్‌కి పైన సోలార్ కప్పు, పక్కన బళ్ల గోల లేదు. కొత్త పెడళ్లకి అంతకన్నా మంచి చోటు హైదరాబాద్‌లో నాకు తెలీదు. పెడల్ పైకి కూడా లాగాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. పైకొచ్చే కాలి బరువు పెడల్ మీద వేయకుండా ఉంటే చాలు. చిన్న గతుకుల మీద కూడా పాదం జారకపోవడం, కాళ్లు వేగంగా తిప్పినా ఉన్న చోటే ఉండటం, అసలు లాభం అదే. కాసేపటికి తనే అంది, "కింద చూడట్లేదు అన్నయ్యా, రోడ్డే చూస్తున్నా." నాకు భలే సంతోషమేసింది.

ఇంటికొచ్చాక ఎడమ పాదం బయటి అంచు నొక్కినట్టుందని చెప్పింది. క్లీట్‌ని రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిపి, నాలుగు బోల్టులూ మళ్లీ బిగించాను. మొదటి రైడ్ తర్వాత అవి ఎలాగూ కొంచెం వదులవుతాయి. రేపు ఆఫీసుకి వీటితోనే వెళ్తానంటోంది, స్ప్రింగ్ మాత్రం ఇప్పుడే బిగించొద్దని చెప్పాను.