బెల్లం డబ్బా చుట్టూ చీమలు

శనివారం, రామ్మూర్తినగర్, బెంగళూరు

రాత్రంతా వాన. తెల్లవారుజాము ఫజర్ నమాజు అయ్యాక మళ్లీ పడుకోబుద్ధి కాలేదు. పెద్దోడు మసీదులో చదువు చెప్పే హజ్రత్ దగ్గర పొద్దున పాఠానికి వెళ్లాడు. చిన్నది ఇంకా దుప్పట్లోనే ఉంది. అత్తమ్మ తస్బీహ్ జపమాల పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఊరి నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె చోటు అదే.

ఎనిమిదింటికి పెద్దోడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందిరా అంటే, "హజ్రత్ బాగానే చెప్తాడు మా. ఉర్దూలో చెప్తాడు, నాకు సగమే అర్థమైతాది" అన్నాడు. మేం నూర్‌బాషా ముస్లింలం. కదిరి వైపు మా ఇళ్లల్లో మాట తెలుగే. ఇక్కడికొచ్చాక వాడికి బళ్లో ఇంగ్లీషు, కన్నడ, వీధిలో హిందీ, మసీదులో ఉర్దూ. చదవాల్సింది అరబీ. ఎనిమిదేళ్లవాడు ఎన్నని మోస్తాడు? అందుకే ఇంట్లో ఖుర్ఆన్ గురించిన మాటలన్నీ తెలుగులోనే ఉండాలని నేను పట్టుబట్టాను. పారాయణం అరబీలోనే, అందులో మార్పు లేదు. కానీ ఆ సూరాలో, అంటే అధ్యాయంలో, ఎవరున్నారు, ఏం జరిగింది, అల్లాహ్ మనకేం చెబుతున్నాడు అన్నది వాడు అమ్మ మాటలో వినాలి. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు బ్రిటిషు కాలంలోనే ఖుర్ఆన్‌ని తెలుగులోకి తెచ్చారు. అంత పెద్ద పని ఆయన చేయగా లేనిది, నా పిల్లలకు నాలుగు ఆయతులు, అంటే వాక్యాలు, తెలుగులో విప్పి చెప్పడానికి నేనెందుకు వెనకాడాలి?

చిన్నది లేచీ లేవగానే వంటింట్లోంచి కేకేసింది. బెల్లం డబ్బా చుట్టూ చీమలు. వాన పడితే మా ఇంట్లో ఇది మామూలే. నేను గుడ్డ తీసుకుని తుడవబోయాను. అంతలో, ఈ పిల్లకు చీమ సూరా కథ ఇంకా చెప్పలేదే అని గుర్తొచ్చింది. గుడ్డ పక్కన పెట్టేసి, ఇద్దరినీ గట్టు దగ్గర స్టూళ్లెక్కించాను. 27వ సూరా పేరే నమ్ల్, చీమలు. సులైమాన్ ప్రవక్త అలైహిస్సలాం పెద్ద సైన్యంతో వస్తున్నారు, అందులో మనుషులున్నారు, జిన్నులున్నారు, పిట్టలున్నాయి. దారిలో చీమల లోయ వచ్చింది. ఒక చీమ చూసింది. "ఓ చీమలారా, మీ ఇళ్లల్లోకి పోండి, సులైమాన్, ఆయన సైన్యం మిమ్మల్ని చూసుకోకుండా తొక్కేస్తారేమో" అని అరిచింది. ఆ మాట సులైమాన్‌కు వినిపించింది. ఆయన కోప్పడలేదు. నవ్వారు. నవ్వి, నీవిచ్చిన వరాలకు కృతజ్ఞత చూపే బుద్ధినివ్వమని అల్లాహ్‌ను వేడుకున్నారు.

చిన్నది డబ్బా వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత అడిగింది: "చీమకు సులైమాన్ పేరు ఎట్ల తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. హజ్రత్‌ని అడుగుదాం అన్నాను. ఆ ప్రశ్న ఆయతులోంచే పుట్టింది, ఆ పిల్ల నిజంగా విన్నదన్నమాట. అరగంట తప్పుల్లేకుండా వల్లించినా నాకింత ఆనందం ఉండేది కాదు. తర్వాత పెద్దోడు తనే లెక్క మొదలుపెట్టాడు: ఆవు పేరుతో బఖరా, తేనెటీగ పేరుతో నహ్ల్, సాలీడు పేరుతో అన్‌కబూత్, ఏనుగు పేరుతో ఫీల్. చీమల సూరాలోనే హుద్‌హుద్ పిట్ట కూడా ఉందని, అది సబా దేశం నుంచి కబురు తెచ్చిందని చెప్తే, ఆ పిట్ట బొమ్మ చూపించమని ఇద్దరూ నా చెయ్యి పట్టుకుని లాగారు. చీమల్ని మాత్రం చిన్నది తుడవనివ్వలేదు. బెల్లం ముక్క ఒకటి కిటికీ బయట పెట్టి, అవన్నీ అటు పోయేదాకా కాపలా కాసింది.

మా చిన్నప్పుడు ఊళ్లో చదువు ఇట్ల ఉండేది కాదు. బెత్తం పక్కనే ఉండేది. ఖుర్ఆన్ చివరి భాగమైన అమ్మ పారాలో 37 సూరాలుంటాయి, వాటిలో సగం నేను బెత్తానికి భయపడే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో అంతటా అదే పద్ధతి, ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ ఆ భయం చాలా ఏళ్లు పోలేదు. పెళ్లయ్యాక కూడా ఖుర్ఆన్ చుట్టే గుడ్డ జుజ్దాన్ విప్పేటప్పుడు ఎవరో తప్పు పట్టుకోబోతున్నట్టు భుజాలు బిగుసుకునేవి. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గర అనస్ అనే పిల్లవాడు పదేళ్లు సేవ చేశాడు. ఆ పదేళ్లలో ఆయన తనను ఒక్కసారి కూడా విసుగ్గా 'ఉఫ్' అనలేదని అనస్ పెద్దయ్యాక చెప్పిన మాట ప్రవక్త మాటల సంపుటాలైన హదీసుల్లో ఉంది. పిల్లల ముందు ఖుర్ఆన్ తెరిచిన ప్రతిసారీ ఈ మాట తలుచుకుంటాను. నా పిల్లలకూ ఆ గ్రంథానికీ మధ్య భయం కూర్చోకూడదు. ఒక సూరా ఆలస్యమైనా పరవాలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ల పాపకు సూరాకింత అని చాక్లెట్లు, డబ్బులు ఇస్తున్నారట, చకచకా నేర్చుకుంటోందట. నాకది నచ్చలేదు, చెప్పేశాను. పారా పూర్తయిన రోజు ఇంటిల్లిపాదికీ పాయసం చేస్తే అది పండగ. ఆయతుకింత అని లెక్క కడితే పిల్ల చూపు లెక్క మీదికి పోతుంది. ఇంకోటి కూడా చెప్పాను. ఇంటికొచ్చిన వాళ్ల ముందు నిలబెట్టి "ఒక సూరా చదివి వినిపించు" అనొద్దని. పిల్ల తనంతట తాను చదివితే వేరు. చెల్లెలు కాసేపు అలిగింది. అయినా పాప గొంతు నాకు వినిపించింది, ఎంత తీయగా ఉందో!

మూడింటికి మళ్లీ వాన. బయటికి పోయే దారి లేదు. అత్తమ్మ ఊరి నుంచి తెచ్చిన చింతగింజలు నేల మీద పోసి, సుద్దముక్కతో అరబీ అక్షరాల కోసం పడవలాంటి గీతలు గీశాను. కింద ఒక గింజ పెడితే బా. పైన రెండు పెడితే తా. పైన మూడు పెడితే సా. ఇంకో గీతకు కడుపులో గింజ పెడితే జీమ్, తీసేస్తే హా, పైన పెడితే ఖా. అరబీ అక్షరాలు నేర్పే ఖాయిదా పుస్తకం చూస్తేనే ఆవలించే చిన్నది, గింజల కోసం అన్నతో పోట్లాడింది.

అప్పుడు అత్తమ్మ కిటికీ దగ్గర్నుంచి లేచొచ్చి పక్కన చతికిలబడింది. ఆమెకు అరబీ అక్షరాలు రావు. అల్‌హమ్దు, ఖుల్‌హువల్లా, ఇన్నా అతైనా, ఈ సూరాలన్నీ మామయ్య తెలుగు లిపిలో రాసిచ్చిన నోటు పుస్తకంలోంచి నేర్చుకుంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఆమె సంచిలో ఉంటుంది, అంచులన్నీ చినిగిపోయాయి. సీన్, సాద్, సా మూడింటికీ తెలుగులో రాసేది ఒకటే 'స'. రెండు రకాల 'హ'లకూ ఒకటే అక్షరం. తెలుగు లిపిలో నేర్చుకున్న వాళ్లకు సూరా వస్తుంది, ఆ తేడాలు రావు. ఆమె తప్పేమీ కాదు, ఆమెకు దొరికింది ఆ దారే.

చిన్నది జేజిని వదల్లేదు. "జేజీ, ఇది ఏంది?" అని గింజ పెట్టడం, ఆమె తప్పు చెప్తే నెత్తిన చెయ్యి పెట్టుకోవడం, మళ్లీ చెప్పడం. "కళ్లద్దాలు తుడిచే ముందు నోటితో ఊదుతావు చూడు, అట్ల గొంతులోంచి రావాల, హా" అంటోంది. అది పోయిన వారం నేను దానికి చెప్పిన మాటే. అత్తమ్మ నిజంగానే కళ్లద్దాలు తీసి ఊదింది. అద్దం మసకబారింది, అక్షరం సరిగ్గా వచ్చింది. మీలో ఉత్తములు ఖుర్ఆన్ నేర్చుకుని ఇతరులకు నేర్పేవారు అని ప్రవక్త మాట. ఐదేళ్ల పిల్లకు కూడా నేర్పే భాగ్యం దొరుకుతుందని నాకీరోజు కళ్ల ముందు కనబడింది. ఇన్నాళ్లూ నేను ఎంత బతిమాలినా గుర్తుండని ఖా, జేజికి చెప్పాలి కాబట్టి దానికి గుర్తుండిపోయింది.

సాయంత్రం మా ఆయన శివాజీనగర్ నుంచి కొత్త నూరానీ ఖాయిదా తెచ్చారు. పాతది చిరిగిపోయింది. అక్షరాలు పెద్దగా, స్పష్టంగా ఉన్నాయి.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు తర్వాత రోజూలాగే పాఠం. వజూ చేసుకుని, అంటే చేతులు, మొహం, కాళ్లు కడుక్కుని, అందరం చాప మీద కూర్చున్నాం. నేనూ నా పాఠం చదువుకుంటాను, పిల్లలకు మాత్రమే చెప్పి నేను ఫోన్ చూసుకుంటే వాళ్లకు అర్థమైపోతుంది. ముందు ఫోన్‌లో మిన్షావీ పారాయణం పెట్టాను. ఆ ఈజిప్టు ఖారీ ఒక ఆయతు చదవగానే వెనకాల పిల్లల గొంతులు అందుకుంటాయి. మావాళ్లు ఆ పిల్లలతో కలిసిపోతారు. ఫోన్ బోర్లా పెడతాను. మాకు కావాల్సింది గొంతు, బొమ్మ కాదు.

ఈ వారం పెద్దోడికి అలంతర, అంటే సూరా ఫీల్. ఐదే ఆయతులు. కాబాను పడగొట్టాలని యమన్ నుంచి అబ్రహా ఏనుగుతో సైన్యం తెచ్చాడని, మక్కా వైపు తిప్పితే ఆ ఏనుగు మోకాళ్ల మీద కూలబడి కదలనంటే కదలనందని చరిత్రలో చెప్పే సంగతి వాడికి ప్రాణం. మూడో ఆయతు దగ్గర నాలుక తడబడింది. రెండుసార్లు ఆగాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఖుర్ఆన్ చదివేటప్పుడు తడబడుతూ, కష్టపడుతూ చదివేవాడికి రెండు పుణ్యాలు అని ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా ఆయన నుంచి విన్న మాట చెప్పాను. వాడు ముక్కు తుడుచుకుని, "అయితే నాకిప్పుడు రెండా?" అన్నాడు. రెండే నాన్నా, అన్నాను. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

పావుగంట కాగానే ఆపేశాను. చిన్నది ఇంకోటి, ఇంకోటి అని గోల చేసింది. అయినా ఆపేశాను. ఖుర్ఆన్ అంతా ఒక్కసారి దిగలేదు, 23 ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా వచ్చింది. ఒక్కసారే ఎందుకు దించలేదని అడిగిన వాళ్లకు, నీ గుండెను దిటవు చేయడానికే ఇట్ల అని ప్రవక్తతో అల్లాహ్ చెప్పిన జవాబు ఫుర్ఖాన్ సూరాలో ఉంది. పిల్లల చిన్న గుండెలకు అంతకంటే తొందర ఎందుకు? ఇంకా కావాలని అడుగుతున్నప్పుడే ఖుర్ఆన్ పెట్టే రెహల్ పీట మడిచేయాలి, అప్పుడు రేపు వాళ్లే వచ్చి చాప పరుస్తారు.

రేపటి నుంచి పెద్దోడికి లిఈలాఫి సూరా. మక్కా తెగ ఖురైషుల చలికాలం ప్రయాణం, ఎండాకాలం ప్రయాణం. ఒకటి యమన్‌కు, ఒకటి షామ్‌కు, అంటే సిరియా వైపుకు, అని చెప్పగానే ఒంటెల బిడారు గీస్తానన్నాడు, ఎన్ని ఒంటెలుండాలో అప్పుడే చెల్లెలితో వాదం మొదలైంది. గోధుమ రంగు పెన్సిలు అయిపోయింది. పొద్దున పాలకు పోయినప్పుడు తేవాలి.