తప్పు సెన్సర్‌ది కాదు, యూఎస్‌బీ పోర్టుది

ఇంట్లో లైట్లు, తలుపు సెన్సర్లు ఏ కంపెనీ సర్వర్ లేకుండా నడిచేలా సొంతంగా పెట్టుకుంటున్నాను. నిన్న రాత్రి చివరి సెన్సర్ కూడా కుదుటపడింది. ఆ ఊపులోనే రాస్తున్నాను.

ఇంతకుముందు నా బల్బులు వైఫైవి. ఒకరోజు వాటి కంపెనీ యాప్‌లో కొత్త షరతులు పెట్టింది. లొకేషన్ ఇవ్వకపోతే లాగిన్ అవ్వదట. పడగ్గదిలో లైటు ఆర్పడానికి నేనెక్కడున్నానో వాళ్లకెందుకు? ఏ వేళకు పడుకుంటానో ఎవరి సర్వర్‌లోనో నమోదు కావడం నాకు ఇష్టం లేదు. ఆ రోజే మానేశాను.

ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను. 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి, బ్రౌజర్‌లో దాని పేజీ (8123 పోర్టు) తెరవడం గంట పని. ఎస్‌డీ కార్డు త్వరగా అరిగిపోతుందని ఎస్‌ఎస్‌డీ పెట్టాను.

సెన్సర్లు మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి జిగ్బీ. దాని దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. తలుపు సెన్సర్ జత అవుతుంది, కాసేపు పనిచేస్తుంది. ఆ తర్వాత తలుపు బార్లా తీసి నిలబడ్డా స్క్రీన్ మీద ‘మూసి ఉంది’ అనే చూపిస్తుంది. బ్యాటరీ మార్చాను. బటన్ నొక్కి నొక్కి వేలు నొప్పెట్టింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, “మా హబ్ కొనకుండా సొంత ప్రయోగాలు చేస్తే ఇంతే” అని పెట్టేశారు. ఆ మాట ఇప్పటికీ మండుతోంది. మూడు రోజులు నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను.

చివరికి ఒక విషయం గమనించాను. సెన్సర్‌ను రాస్ప్‌బెర్రీ పై పక్కన పెడితే పనిచేస్తుంది, గది దాటితే పోతుంది. జిగ్బీ సిగ్నల్ అందుకునే డాంగిల్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, ఎస్‌ఎస్‌డీ పక్కనే గుచ్చాను. యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, జిగ్బీ నడిచేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే ఈ సంగతి రాసి పెట్టింది. డాంగిల్‌ను నల్ల పోర్టులోకి మార్చి, మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టాను. సిగ్నల్ వెంటనే పెరిగింది. ఆ వైరు డాంగిల్‌తో పాటే కొనండి, వాయిదా వేయకండి.

జిగ్బీ ఏ ఛానెల్ మీద నడవాలో కూడా మొదటే తేల్చుకోండి. జిగ్బీ పరికరాలను హోమ్ అసిస్టెంట్‌కు కలిపే జిగ్బీ2ఎంక్యూటీటీ సాఫ్ట్‌వేర్ మామూలుగా 11 తీసుకుంటుంది, అది వైఫై ఛానెల్ 1తో ఢీకొంటుంది. నేను 25కి మార్చి, కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి వచ్చింది. సిగ్నల్‌ను ముందుకు అందించేవి కరెంటుతో నడిచే స్మార్ట్ ప్లగ్గుల్లాంటివే, బ్యాటరీ సెన్సర్లు కాదు. అందుకే ప్లగ్గులు ముందు, సెన్సర్లు తర్వాత. అకౌంట్ లేనిదే పనిచేయని బల్బు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఈ ఉదయం ఇంటర్నెట్ వైరు పీకేసి తలుపు తీశాను. హాల్లో లైటు వెలిగింది. కంపెనీ హబ్ లేకుండా, నా చేత్తో కట్టిన వ్యవస్థ ఇది.

బ్యాకప్ పెట్టుకున్నాక దాని ఎన్‌క్రిప్షన్ కీని వేరేచోట దాచండి. అది రాస్ప్‌బెర్రీ పైలోనే ఉండిపోతే, ఆ కంప్యూటర్ పాడైన రోజు బ్యాకప్ కూడా తెరుచుకోదు.