హక్కు, భుక్తం: ఒక అధ్యాయాన్ని తిరిగి రాసిన అనుభవం

ఎం.ఏ. చరిత్ర చివరి ఏడాదిలో, సొంత ఆస్తి ఉండరాదని వ్రతం పట్టిన క్రైస్తవ సన్యాసులైన ఫ్రాన్సిస్కన్ల పేదరికంపై 13, 14 శతాబ్దాలలో నడిచిన వివాదాన్ని పరిశోధన వ్యాసానికి ఎంచుకున్నాను. పోపును ధిక్కరించిన సన్యాసుల కథగా నేను రాసిన చిత్తుప్రతిని మా గైడుగారు చదివి, “పోపుల శాసనాలను వరుసగా చదివావా?” అని మాత్రం అడిగారు. చదవలేదు.

లాటిన్ కొద్దిగానే వచ్చు కనుక అనువాదాన్ని పక్కన పెట్టుకుని, రోజుకు ఒకటి రెండు పేరాల చొప్పున మొదలుపెట్టాను. ‘డొమీనియుం’, ‘ఊసుస్’ అనే మాటలు చాలా ఇబ్బంది పెట్టాయి. యాజమాన్యం, వాడకం అని రాసుకున్నా వాదన మనసుకెక్కలేదు. చివరికి తాతగారి పొలం దస్తావేజులో ‘హక్కుభుక్తములు’ అన్న మాట కంటబడింది: హక్కు అంటే యాజమాన్యం, భుక్తం అంటే అనుభవించడం. ఆ జంటనే 1245లో పోపు నాలుగవ ఇన్నోసెంట్ విడదీశారు: దాతలు తమకు అట్టిపెట్టుకోని వస్తువులపై హక్కు రోమ్ పీఠానిది, అంటే పోపు పీఠానిది, భుక్తం సన్యాసులది. 1279లో పోపు మూడవ నికొలస్ దాన్ని ఖాయపరచి, అటువంటి పేదరికం క్రీస్తు చూపిన మార్గమేనని ప్రకటించి, తన శాసనంపై వ్యాఖ్యానాలు రాయరాదని ఆంక్ష పెట్టారు.

1322లో పోపు ఇరవైరెండవ జాన్ ముందు ఆ ఆంక్షను ఎత్తివేసి, డిసెంబరులో ఏర్పాటునే తిరగదోడారు. సన్యాసి తినే గుడ్డు మీదా చీజ్ ముక్క మీదా రోమ్ చర్చి హక్కు నిలుపుకుందని ఎవరైనా నమ్ముతారా అని ఆయన ప్రశ్న. తింటే వస్తువే మిగలదు, ఇక హక్కు దేని మీద? ఆ పేరా దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఇప్పటికీ అది నాకు బలమైన వాదనగానే తోస్తుంది. మరుసటి ఏడాది నవంబరులో, క్రీస్తుకూ ఆయన శిష్యులకూ సొంతంగా గానీ ఉమ్మడిగా గానీ ఏమీ లేదని పట్టుబట్టడం మతవిరుద్ధమని ఆయన తీర్మానించారు.

నా చిత్తుప్రతి అక్కడ కూలిపోయింది. విశ్వాస విషయంలో ఒక పోపు తేల్చిన మాటను తర్వాతి పోపు మార్చలేరన్నది సన్యాసుల పక్షం వాదన. అంటే పోపు మాటకు ఎక్కువ బరువు ఇచ్చింది వారే. ఆ బరువు తన చేతులు కట్టివేస్తుందని గ్రహించి 1324లో దాన్ని తోసిపుచ్చింది జాన్. పోపు పొరపడరన్న సిద్ధాంతం మూలాలను చరిత్రకారుడు బ్రయన్ టియర్నీ 1972లో ఈ వివాదంలోనే చూపించారని తర్వాత తెలిసింది. ఆయనతో విభేదించినవారూ ఉన్నారు. నాకు మాత్రం శాసనాల వరుస ఆయన వైపే మొగ్గినట్టు కనిపించింది.

మొదటి ప్రతిలో అధ్యాయం 1328 మే నెలలో ఫ్రాన్సిస్కన్ల అధిపతి మైకేల్ ఆఫ్ చెసేనా, ఆ సంఘానికే చెందిన తత్వవేత్త విలియం ఆఫ్ ఓకమ్ అప్పట్లో పోపు ఉండే అవిన్యోన్ నుంచి రాత్రివేళ పారిపోవడంతో మొదలయ్యేది. రెండవ ప్రతిని 1279తో మొదలుపెట్టాను.