గ్యారేజీలోకి పాత లిఫ్టు

డాలస్ శివార్లలో ఒక మెకానిక్ షాపు మూసేస్తుంటే, అక్కడి రెండు స్తంభాల కారు లిఫ్టు కొన్నాను. 9,000 పౌండ్లు, అంటే దాదాపు 4,080 కిలోలు ఎత్తుతుంది. రంగు వెలిసినా నాకు పట్టింపు లేదు. ఉక్కు తాళ్లలో పోగులు తెగాయా, సిలిండర్ దగ్గర నూనె కారుతోందా, రెండు వైపులా సేఫ్టీ లాకులు సరిగ్గా పడుతున్నాయా అన్నదే చూశాను. బరువుతో ఎత్తి చూపమంటే, అమ్మే పెద్దాయన నవ్వి తన ట్రక్కునే ఎక్కించారు.

ఇంట్లో అసలు చిక్కు, స్తంభాలను బోల్టులతో బిగించాల్సిన గచ్చుతో. మందం నాలుగు అంగుళాలకు తగ్గకూడదు, సరే. కానీ ఇక్కడ చాలా ఇళ్ల కాంక్రీటు పలకల్లో గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలుంటాయి. చూడకుండా డ్రిల్లు దింపి ఒక్కటి కోస్తే ప్రాణానికే ముప్పు. అందుకే స్కాన్ చేయించి, తీగలు వెళ్లే దారులన్నీ సుద్దతో గీయించాను. గచ్చు ఇప్పుడు అచ్చం సంక్రాంతి ముగ్గులా ఉంది! పాత యాంకర్ బోల్టులు మళ్లీ వాడకూడదు కాబట్టి కొత్తవి తెప్పించాను.

స్తంభాలు నిలబెట్టేది వచ్చే శనివారం. బలమున్న మిత్రులు రావచ్చు, భోజనం మా ఇంట్లోనే.