తమ్ముడి బొటనవేలు

తమ్ముడికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని మూడేళ్లు. మొదట్లో నాకు ఒకటే టెన్షన్, నడుస్తాడా లేదా అని. వాడు మాత్రం ఒకరోజు, "అక్కా, నడక సంగతి తర్వాత. గ్లాసు నా చేత్తో పట్టుకుంటే చాలు" అన్నాడు. అప్పటినుంచి చేతుల మీద జరిగే పరిశోధనలే వెతికి చదువుతున్నాను.

2024లో వచ్చిన అప్‌-లిఫ్ట్ అధ్యయనం అలాగే దొరికింది. మెడ చర్మం మీద ఎలక్ట్రోడ్లు అతికించి, కరెంటు ఇస్తూ వ్యాయామం చేయించారు. ఆపరేషన్ లేదు. పాల్గొన్న 60 మందిలో 72 శాతం మందికి చేతుల బలం, పనితనం రెండూ మెరుగయ్యాయి. వాళ్లలో గాయమై 34 ఏళ్ల వరకు అయినవాళ్లూ ఉన్నారని చదివి చాలాసేపు ఏడ్చాను. కానీ గాయం కింద కదలిక, స్పర్శ పూర్తిగా పోయినవాళ్లని అందులో తీసుకోలేదు. పోల్చి చూడటానికి వేరే గుంపు కూడా లేదు. ఆశపడే ముందు ఇవి అడగాలి.

పరిశోధన కంటే ముందు నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఒక రాత్రి వాడి ముఖం ఎర్రబడి, చెమటలు పట్టి, తలనొప్పి అన్నాడు. బీపీ ఒక్కసారిగా పెరిగిపోయింది. చూస్తే మూత్రం పోయే కాథెటర్ గొట్టం తొడ కింద మెలిపడి, మూత్రం ఆగిపోయి ఉంది. నిటారుగా కూర్చోబెట్టి, మెలిక తీయగానే తగ్గింది. టీ6 (ఛాతీ వెనక ఉండే ఆరో వెన్నుపూస) దగ్గర గానీ, దానికి పైన గానీ వెన్నుపాముకి గాయమైనవాళ్లకి ఇలా బీపీ పెరగడం ప్రాణం మీదకి రావచ్చు. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిన్న వ్యాయామం చేయిస్తుంటే వాడి కుడి బొటనవేలు కొంచెం ముడుచుకుంది. "మళ్లీ చెయ్‌రా" అన్నాను. చేశాడు.