మన కాలేజీ పునాది ఎగ్మూరులో పడింది

మద్రాసు క్రైస్తవ కళాశాల చరిత్ర ఎవరు చెప్పినా అర్మీనియన్ వీధితోనే మొదలుపెడతారు. 1837 ఏప్రిల్ 3, స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్, 59 మంది పిల్లలు. ఇందులో తప్పేమీ లేదు గాని, కథ సగం నుంచి మొదలవుతుంది. ఆండర్సన్ చేతికి వచ్చింది అప్పటికే నడుస్తున్న బడి. రెండేళ్ళ ముందు, 1835లో, ఎగ్మూరు స్కాచ్ చర్చి ఛాప్లిన్లు, అంటే పాదిరీలు, జార్జ్ జేమ్స్ లోరీ, మాథ్యూ బోవీ దాన్ని పెట్టారు. పెంచినవాళ్ళ పేరు నిలిచింది, కన్నవాళ్ళ పేరు చెరిగిపోయింది. కాలేజీ ఇప్పుడున్న తాంబరంలో చదువుకున్న తెలుగువాళ్ళలో చాలామంది ఎగ్మూరు స్టేషన్లో దిగి, ఆ చర్చి తెల్లటి శిఖరం పక్కనుంచే ఏళ్ళ తరబడి తిరిగారు. అది తమ కాలేజీ పుట్టిల్లని ఎవరూ చెప్పలేదు. ఈ సంచికలో ఆ చర్చి సంఘం సంగతి కాస్త వివరంగా రాస్తే బాగుంటుందనిపించింది.

చెన్నపట్నంలో స్కాట్లండువాళ్ళు కంపెనీ కొలువులో ముందునుంచీ ఉన్నారు. ప్రార్థనకు మాత్రం కోటలోని సెయింట్ మేరీస్‌కే వెళ్ళాలి, అది ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు చర్చివాళ్ళ గుడి. 1813 చార్టర్ చట్టం వచ్చాక కలకత్తా, బొంబాయి, మద్రాసులకు తలా ఒక ప్రెస్బిటీరియన్, అంటే స్కాట్లండు చర్చి ఛాప్లిన్ను ఇచ్చారు. మద్రాసుకు వచ్చిన మొదటి ఆయన డాక్టర్ జాన్ అలన్, 1815లో. ఛాప్లిన్ వచ్చినంత మాత్రాన చిక్కులు తీరలేదు. ఆయన చేసిన పెళ్ళి చట్టరీత్యా చెల్లుతుందా అన్న అనుమానం అలాగే ఉండిపోయింది. పెళ్ళి చెల్లకపోతే పిల్లల వారసత్వానికీ ఎసరే. 1818లో ఇంగ్లండు పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసి ఆ అనుమానం తీర్చింది. అదీ ఒక షరతు మీద: వధూవరుల్లో ఒకరైనా స్కాట్లండు చర్చి సభ్యులై ఉండాలి. చిన్న సంఘమే అయినా సభ్యుల పట్టీ అంత జాగ్రత్తగా రాసుకోవడానికి ఇదీ ఒక కారణం.

అదే ఏడాది, 1818 ఏప్రిల్ 6న, కిర్క్‌కు శంకుస్థాపన జరిగింది. కిర్క్ అంటే స్కాట్లండు మాటలో చర్చే. కట్టినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని మేజర్ థామస్ ఫియట్ డి హావిలాండ్. కెథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జెస్ కూడా ఆయన చేతి మీదుగా లేచిందే. శ్రీరంగపట్నంలో వంద అడుగులకు పైబడ్డ ఇటుక కమాను ఒకటి కట్టాడు. కావేరి మీద ఇటుకతో వంతెన వేయొచ్చని చూపించడానికి కట్టిన ఆ కమాను 1930ల దాకా నిలబడింది. ఇటుక మీద ఆయనకు అంత నమ్మకం.

ఎగ్మూరులో మాత్రం చిక్కు ఇటుకతో కాదు, నేలతో వచ్చింది. కూవం పక్కన పల్లపు చోటు, వానొస్తే నీళ్ళు నిలిచే నేల. మామూలు పునాది తవ్వితే గోడ ఒకవైపు దిగుతుంది, ఇంకోవైపు నిలుస్తుంది, మధ్యలో బీట పడుతుంది. చర్చికి ఇది ఇంకా ప్రమాదం. ముందు భాగాన శిఖరం బరువంతా ఒక్కచోట పడుతుంది, వెనక గుమ్మటం బరువు పదహారు స్తంభాల మీద పంచుకుని దిగుతుంది. రెంటి కింద నేల ఒకే తీరుగా అణగదు. అందుకే ఆయన మన పక్క పాత పద్ధతి పట్టుకున్నాడు, బావుల మీద పునాది. ఇంగ్లండు నుంచి నేర్చుకొచ్చిన విద్య కాదిది, ఇక్కడి బావులు తవ్వేవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసినదే.

పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కాల్చిన మట్టి వరలైనా, వంపు తిరిగిన ఇటుకలతో కట్టిన వలయాలైనా సరే, మట్టం చూసి నేల మీద ఒక వర నిలబెడతారు. మనిషి లోపలికి దిగి అడుగున మట్టి తవ్వి గంపలో పైకి పంపుతాడు. అడుగు ఖాళీ అయ్యే కొద్దీ వర తన బరువుకే కిందికి జారుతుంది. అప్పుడు పైన ఇంకో వర. గట్టి నేల తగిలేదాకా ఇదే పని. ఎగ్మూరులో బావులు కొన్నిచోట్ల 14 అడుగుల్లోనే ఆగాయి, కొన్ని 50 అడుగుల దాకా వెళ్ళాయి. ఒకే గుడి కింద ఇంత తేడా ఉందంటే ఆ నేల ఎంత మోసకారిదో తెలుస్తుంది. బావి దించడంలో ముఖ్యమైన తప్పు ఒకవైపు ఒరిగిపోవడం. ఒరిగితే ఎత్తుగా ఉన్న వైపు కింద ఎక్కువ తవ్వాలి, ఆ వైపు పైన బరువు పెట్టాలి. తొందరపడి పల్లపు వైపు ఎత్తాలని చూస్తే వర పగులుతుంది. ఇంకో ప్రమాదం ఇసుక ఊట. లోపలి నీళ్ళు మరీ వేగంగా తోడేస్తే బయటి నీటి ఒత్తిడికి అడుగునుంచి ఇసుక ఉబికి వస్తుంది, చుట్టుపక్కల నేల కుంగుతుంది, పక్క బావీ కదులుతుంది. అన్నీ కుదురుకున్నాక లోపల నింపి, బావుల తలలు కలిపి, వాటి మీద గోడ లేపుతారు.

గుడి 1821 ఫిబ్రవరి 25న తెరిచారు. రూపం లండనులోని సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్‌ది అని అందరూ అంటారు, బయటినుంచి చూస్తే అది నిజమే. లోపలికి వెళ్తే మాత్రం ప్రార్థనాస్థలం గుండ్రంగా ఉంటుంది. లండను గుడి పొడవాటి హాలు. ఆ గుడికి జేమ్స్ గిబ్స్ మొదట గీసినది గుండ్రటి నమూనానే. ఖర్చెక్కువని అక్కడివాళ్ళు వద్దన్నారు. గిబ్స్ ఆ బొమ్మను అచ్చు వేసి ఉంచాడు, తొంభై ఏళ్ళు తిరిగాక ఎగ్మూరు బురదలో ఆ గుండ్రటి హాలు లేచింది. గుమ్మటం వ్యాసం 51 అడుగుల చిల్లర. శిఖరం ఎత్తు 166 అడుగుల పైచిలుకు. లోపల గుమ్మటానికి ముదురు నీలం, దాని మీద బంగారు చుక్కలు. చూడ్డానికి అందమే గాని, ఏ గుమ్మటమైనా మాటకు శత్రువు. ప్రసంగం కాస్త గట్టిగా చెబితే మాట మీద మాట పడుతుంది. గుండ్రటి హాలులో నెమ్మదిగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగి చెప్పాలి.

ఇక గోడల తెలుపు. అది మద్రాసు గచ్చు. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన గుల్లసున్నం దీనికి ప్రాణం. పాత ఇంజనీర్లు రాసిపెట్టిన కొలతల్లో మూడు పూతలు. మొదటిది ఒక పాలు సున్నానికి పాలున్నర ఏటి ఇసుక, బెల్లపు నీళ్ళతో కలిపి అర అంగుళం మందాన. రెండోది మూడు పాళ్ళ సున్నానికి ఒక పాలు సన్నటి తెల్ల ఇసుక. మూడోది నాలుగు పాళ్ళకు ఒకటి. దీన్ని నూరి నూరి వెన్నలా చేసి, అందులో గుడ్ల తెల్లసొన, పెరుగు, నెయ్యి, బలపం పొడి కలుపుతారు. మూడో పూత తడి ఆరకముందే నున్నటి రాయితో రుద్దాలి. ఎంత రుద్దితే అంత పాలరాయి మెరుపు. తర్వాత కొన్నాళ్ళు గోడ చెమట పడుతుంది, ఆ నీటిబొట్లు మెత్తటి గుడ్డతో తుడుస్తూనే ఉండాలి. తుడవకపోతే అక్కడ మచ్చ నిలిచిపోతుంది.

ఈ గచ్చుకు పగ సిమెంటు. పాత గుళ్ళలో ఎక్కడైనా పెచ్చు ఊడగానే మేస్త్రీ సిమెంటు పూసి వెళ్ళిపోతాడు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, నేలనుంచి పీల్చిన తడిని నెమ్మదిగా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తడి పక్కకు తిరిగి, ఉప్పు పేర్చి, సిమెంటు అతుకు చుట్టూ ఉన్న మంచి గచ్చును కూడా ఉబ్బించి రాలుస్తుంది. ప్లాస్టిక్ రంగులు చేసేదీ ఇదే. ఇక శిఖరం సందుల్లో రావి మొక్క మొలిస్తే పైన కోసి ఊరుకుంటారు, వేరు లోపలే లావెక్కుతుంది. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి, ఆ సందును సున్నంతోనే నింపాలి.

గుడి సంగతి ఇంత చెప్పాక సంఘం నడిచే తీరు చెప్పకపోతే అసలు విషయం వదిలేసినట్టే. ప్రెస్బిటీరియన్ల పేరులోనే పెద్దలున్నారు. గ్రీకులో ఆ మాటకు అర్థం పెద్ద అని. సంఘం ఎన్నుకున్న పెద్దలూ పాస్టరుగారూ కలిసిన సభ సెషన్. దాని పైన ప్రెస్బిటరీ, ఆ పైన సినడ్, అన్నిటి పైన జనరల్ అసెంబ్లీ. ఎక్కడా బిషప్పు లేడు. సెషన్ ప్రతి తీర్మానాన్నీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి, ఆ పుస్తకం పై సభ తనిఖీకి పోవాలి. ప్రభువు బల్లకు ముందు పెద్దలు ఇంటింటికీ వెళ్ళి విచారించి, తగినవాళ్ళకు బిళ్ళ ఇచ్చేవారు. స్కాట్లండులో అది సీసంతో పోసిన చిన్న టోకెను. బల్ల దగ్గర అది తిరిగి ఇస్తేనే రొట్టె, ద్రాక్షారసం. పాటల్లోనూ అంతే కట్టుబాటు. కీర్తనలు గొంతుతోనే పాడాలి, వాయిద్యం కూడదు అనేవారు. స్కాట్లండులో ఆర్గన్ గురించి 1860లలో పెద్ద రగడే జరిగింది. ఎగ్మూరు కిర్క్‌లో ఉన్న కొనాచర్ కంపెనీ పైపు ఆర్గన్ 1883 నాటిది. ఆ రగడ చల్లారాకే వచ్చిందన్నమాట.

ఇంతకీ ఛాప్లిన్లు బడి ఎందుకు పెట్టారు? స్కాట్లండులో 1696 చట్టం ప్రకారం ప్రతి పారిష్‌కూ ఒక బడి, ఒక పంతులు ఉండాలి, జీతం అక్కడి భూస్వాములు ఇవ్వాలి. గుడి పక్కన బడి లేకపోతే వాళ్ళకు ఊరు ఊరులా ఉండదు. పైగా కలకత్తాలో స్కాట్లండు మిషనరీ అలెగ్జాండర్ డఫ్ 1830లో పెట్టిన ఇంగ్లీషు బడి పేరు మోగుతోంది. లోరీ, బోవీ బడి పెట్టి, నడపడానికి ఒక మిషనరీని పంపమని స్వదేశాన్ని అడిగారు. అలా వచ్చాడు ఆండర్సన్. రాగానే బడిని బ్లాక్ టౌనుకు, ఆ అర్మీనియన్ వీధికి మార్చాడు. పిల్లలు ఉన్నది అక్కడ. తెలుగు, తమిళ వర్తకులూ దుబాసీలూ కాపురమున్న వీధులవి. 1841 జూన్‌లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు, పి. రాజగోపాల్, ఎ. వెంకటరామయ్య. కొద్ది వారాలకు ఎస్. ఎత్తిరాజులు. ఆ పేర్లు వింటే వీధి ఏదో, భాష ఏదో తెలుగు చెవికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్నం అట్టుడికింది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. నిలదొక్కుకోవడానికి సమయం పట్టింది. ఆ ముగ్గురే తర్వాత బోధకులయ్యారు.

1843 మే 18న ఎడింబరోలో స్కాట్లండు చర్చి చీలింది. పాస్టరును నియమించే హక్కు జమీందారుదా, సంఘానిదా అన్నదే తగవు. హక్కు సంఘానిదన్నవాళ్ళు లేచి వచ్చేసి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. భారతదేశంలోని మిషనరీలు వాళ్ళ వైపే వెళ్ళారు. ఆండర్సన్, ఆయన తోటి మిషనరీలు జాన్‌స్టన్, బ్రెయిడ్‌వుడ్ కూడా. దాంతో మద్రాసులో పంపకం విచిత్రంగా తేలింది. గుమ్మటం, బావులు, శిఖరం పాత చర్చికి ఉండిపోయాయి. బడి కొత్త చర్చితో వెళ్ళిపోయింది. ఎగ్మూరు పేరు మన చరిత్రలోంచి జారిపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. విడిపోయిన అన్నదమ్ములు ఉమ్మడి ఇంటి ముచ్చట్లు పిల్లలకు చెప్పరు కదా. 1855లో ఆండర్సన్ పోయాడు, 1862లో, తర్వాత ప్రిన్సిపాల్ అయిన విలియం మిల్లర్ వచ్చాడు, 1865లో కాలేజీ తరగతులు మొదలయ్యాయి. అక్కడినుంచి కథ మనవాళ్ళందరికీ తెలుసు.

తెలియనిది మళ్ళీ కలిసిన సంగతి. ఇక్కడి ప్రెస్బిటీరియన్లు ముందు ఆర్కాటు మిషన్ సంఘాలతో కలిశారు. మదనపల్లె తెలుగువాళ్ళ మధ్య పనిచేసిన అమెరికన్ మిషన్ అదే. 1908లో కాంగ్రిగేషనలిస్టులతో, అంటే ఏ సంఘం పాలన ఆ సంఘానిదే అనేవాళ్ళతో కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘం అయ్యారు. స్కాట్లండులో తగవుపడ్డ రెండు వైపులూ 1929లో ఒకటయ్యాయి. 1947 సెప్టెంబరు 27న సెయింట్ జార్జెస్ కెథీడ్రల్‌లో, డి హావిలాండ్ కట్టిన ఇంకో గుడిలోనే, ఐక్య సంఘం ఆంగ్లికన్లతోనూ మెథడిస్టులతోనూ కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సిఎస్ఐ) అయింది. ఎగ్మూరు కిర్క్ తర్వాత వచ్చి చేరింది. బిషప్పు వద్దని పుట్టిన సంఘం చివరికి బిషప్పు కింద కుదురుకుంది, పెద్దల సభ మాత్రం మానలేదు.

ఎస్ప్లనేడ్‌లోని ఆండర్సన్ చర్చి, ఆనాటి ఫ్రీ చర్చివాళ్ళది, ఇప్పుడు కిర్క్‌తో పాటు ఒకే బిషప్పు కింద మద్రాసు డయోసీస్‌లో ఉంది. రెంటికీ మధ్య దూరం మూడు నాలుగు కిలోమీటర్లు. ఈసారి కలుసుకోవడానికి వచ్చేవాళ్ళు తాంబరం లోకల్ ఎక్కేముందు ఎగ్మూరులో ఓ గంట ఆగండి. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తే తలుపులు తెరిచే ఉంటాయి. చెప్పులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, గుమ్మటం సరిగ్గా మధ్యన నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి.