టేబుల్ ఉంది, కనిపించదు

"ఆ పేరుతో రిలేషన్ (ఇక్కడ టేబుల్ అనే అర్థం) లేదు" అని మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ ఒకటే మొండికేసింది. టేబుల్ మాత్రం సేల్స్ అనే స్కీమాలో (డేటాబేస్ లోపల టేబుళ్లను విడిగా పెట్టుకునే అర) నిక్షేపంగా ఉంది. స్కీమా పేరు ముందు తగిలించి అడిగితే వరుసలన్నీ చకచకా ఇచ్చింది. తీసేస్తే మళ్లీ అదే పాట.

స్కీమా పేరు చెప్పనప్పుడు పోస్ట్‌గ్రెస్ సెర్చ్ పాత్‌లో, అంటే వెతకాల్సిన స్కీమాల జాబితాలో, ఉన్న చోట్ల మాత్రమే వెతుకుతుంది. మామూలుగా అందులో ఉండేవి రెండే: యూజర్ పేరుతో ఉన్న స్కీమా, ఆ తర్వాత పబ్లిక్. సరే, రోల్ (డేటాబేస్ యూజర్) సెట్టింగ్‌లు మార్చే ఆల్టర్ రోల్ కమాండ్‌తో సేల్స్‌ను ఆ జాబితాలో చేర్చాం. ఫలితం సున్నా. ఆ మార్పు కొత్తగా తెరిచే సెషన్లకే వర్తిస్తుంది, అప్లికేషన్ తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే పూల్‌లో తిరుగుతున్నవన్నీ పాత కనెక్షన్లు. పూల్‌ను రీస్టార్ట్ చేశాక అన్నీ దారికొచ్చాయి, ఒక్క డేటాబేస్ తప్ప.

అసలు మెలిక అక్కడే ఉంది. ఆ రోల్‌కు ఆ డేటాబేస్‌లో మాత్రమే చెల్లేలా ఎవరో ఎప్పుడో వేరే సెర్చ్ పాత్ పెట్టి ఉంచారు. రెండూ ఉన్నప్పుడు నెగ్గేది అదే. ఇలాంటి సెట్టింగ్‌లను పోస్ట్‌గ్రెస్ దాచుకునే పీజీ_డీబీ_రోల్_సెట్టింగ్ కేటలాగ్ తెరిస్తే ఆ వరుస బయటపడింది. దాన్ని రీసెట్ చేసి మళ్లీ కనెక్ట్ అయితే పని జరిగింది.

ఇలాంటి ఎర్రర్ చూడగానే టేబుల్‌ను మళ్లీ సృష్టించేద్దాం అనేవాళ్లంటే నాకు భయం. పబ్లిక్‌లో దానికో కవల పుడుతుంది, ఇక ఏ డేటా ఎందులోకి వెళ్లిందో తేల్చడం బ్రహ్మతరం కాదు. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, కొత్త డేటాబేసుల్లో పబ్లిక్‌లో టేబుళ్లు సృష్టించే అనుమతి అందరికీ ఇవ్వడం మానేశారు. మంచి పని చేశారు.